నొప్పి లేని రోగము: చక్కెర వ్యాధిని గుర్తించుట, అదుపులో ఉంచుకొనుట

(మన అధ్యక్ష మండల శత వార్షికోత్సవముల సందర్భముగా జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ ఉత్సవములలో నాకు ముందు మాట్లాడినవారు మన సంఘ చరిత్రను గురించి, మిషనెరీల త్యాగమును గురించి, మన పాఠశాలలను గురించి చెప్పారు. నన్ను మాత్రము షుగరు గురించి మాట్లాడమన్నారు. నవ్వకండి. డాక్టరుగారు వేదికమీదనే ఉండగా దీనికి అయ్యగారెందుకు అని మీలో కొందరు అనుకొంటూ ఉండవచ్చు. నేను వైద్యుడను కాను; తప్పు చెబితే ఆయన దిద్దుతారు. అయితే రోగులు డాక్టరుకు చెప్పని మాటలు కొన్ని అయ్యగారికి చెప్తారు. "మాత్రలు మానేశానండీ, ప్రార్థనలో పెట్టుకొన్నాను" అనే మాట ఆస్పత్రిలో ఎవరూ అనరు. ఇంటికి వెళ్లినప్పుడు, ప్రార్థన అయిన తరువాత, గుమ్మము దగ్గర మెల్లగా అంటారు. అలాంటి మాటలు ఇరవై ఏండ్లుగా వింటున్నాను గనుక ఈ పనికి ఒప్పుకొన్నాను.

ఈ జబ్బుతో ఉన్న చిక్కంతా ఒక్కటే అని నాకు తోస్తుంది. ఇది నొప్పి పుట్టించదు. పన్ను నొప్పి వస్తే అర్ధరాత్రి అయినా లేచి పరుగెత్తుతాము. తేలు కుడితే వీధి వీధంతా లేస్తుంది. రక్తములో చక్కెర 250 ఉన్నవాడు మాత్రము ఉదయమే పొలము వెళ్లి వస్తాడు, సాయంత్రము గాయక బృందములో పాడతాడు, పరీక్ష చేయించుకోమంటే "నాకేమండీ, గుండ్రాయిలా ఉన్నాను" అంటాడు. నొప్పి లేదు గనుక రోగము లేదు అనుకోవడము అన్ని జబ్బులలో పొరపాటే గాని ఇందులో ప్రాణము మీదికి తెస్తుంది.

మనము తిన్న అన్నము కడుపులో గ్లూకోజుగా మారి రక్తములో కలుస్తుంది. అది కండరములకు అందాలంటే క్లోమగ్రంథిలో ఊరే ఇన్సులిన్ అనే రసము కావాలి. ఆ రసము ఊరకపోయినా, ఊరి కూడా శరీరము దానికి సరిగా లోబడకపోయినా, చక్కెర రక్తములోనే నిలిచిపోతుంది. నిలిచిన చక్కెర ఒక్కనాడు ఏమీ చేయదు. ఏండ్ల తరబడి సన్నని రక్తనాళములను, నరములను చెరుపుతుంది. కంటి వెనుక తెర, మూత్రపిండములు, గుండె, పాదముల నరములు దీనికి ముందుగా బలి అవుతాయి. గుండెపోటు వచ్చినప్పుడు కూడా వీరిలో కొందరికి ఛాతీలో నొప్పి తెలియదు. చెమటలు, ఆయాసము, ఒక విధమైన నీరసము మాత్రమే ఉంటాయి. గ్యాసు అనుకొని సోడా త్రాగి పడుకొంటారు.

మన పెద్దలు దీనిని అతిమూత్ర వ్యాధి అనేవారు. మూత్రము పోసినచోట చీమలు చేరితే ఈ జబ్బేనని పల్లెలో అందరికీ తెలుసు. ఆ గుర్తు అబద్ధము కాదు గాని, ఆలస్యముగా వచ్చే గుర్తు. రక్తములో చక్కెర సుమారు 180 దాటితే గాని మూత్రపిండములు దానిని మూత్రములోనికి విడువవు. జబ్బు అంతకు ఎంతో ముందే మొదలై ఉంటుంది. అతిదాహము, రాత్రి నాలుగైదుసార్లు లేవడము, తింటున్నా బరువు తగ్గిపోవడము, చూపు మసకబారడము, మానని పుండు, మర్మావయవముల వద్ద దురద, అరికాళ్లలో తిమ్మిరి, మంటలు – ఇవి కనబడితే ఆ వారమే పరీక్ష చేయించుకోవాలి. ఇవేవీ కనబడకపోయినా 30 ఏండ్లు దాటినవారు చేయించుకోవాలి. దీనికి పట్టణము వెళ్లనక్కరలేదు. ప్రభుత్వము వారు 30 దాటినవారందరికీ ఉపకేంద్రములలో ఈ పరీక్ష ఏర్పాటు చేశారు. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి.

ఇది ఎవరో కొందరి జబ్బు అనుకోకండి. భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త సర్వే 2023లో ప్రకటితమైనది. దాని అంచనా ప్రకారము మన దేశములో 10 కోట్ల 10 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మములో నిలబడి ఉన్నారు. పెద్దవారిలో నూటికి పదకొండుగురికి పైమాటే. ఆదివారము ఆరాధనకు రెండు వందల మంది పెద్దలు వచ్చే సంఘములో ఇరవై మందికి పైగా ఉంటారన్న మాట. లావుపాటివారికే వస్తుందన్నది కూడా సరికాదు. మన దేశస్థులకు బక్కగా కనబడుతూనే పొట్ట దగ్గర క్రొవ్వు చేరుతుంది. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిందంటే జాగ్రత్త పడాలి. తల్లికో తండ్రికో ఉన్నవారు మరింత జాగ్రత్త పడాలి.

లెక్కలు చెప్తాను, కాగితము ఉన్నవారు వ్రాసుకోండి. ఎనిమిది గంటలు ఏమీ తినక పరగడుపున తీసిన రక్తములో, 100 మిల్లీలీటర్లకు 126 మిల్లీగ్రాములు గాని అంతకు మించి గాని ఉంటే చక్కెర వ్యాధి. 100 నుండి 125 లోపు ఉంటే గుమ్మములో ఉన్నట్టు. గ్లూకోజు నీళ్లు త్రాగించి రెండు గంటల తరువాత చూస్తే 200 దాటితే వ్యాధి, 140 నుండి 199 గుమ్మము. మూడు నెలల సరాసరిని చెప్పే హెచ్‌బీఏ1సీ అనే పరీక్షలో 6.5 శాతమైతే వ్యాధి. లక్షణములేవీ లేనివారికి ఒక్క పరీక్షతో తేల్చక మరల ఒకసారి చూస్తారు. గుమ్మములో ఉన్నవారికి నేను శుభవార్తే చెప్పాలి. చెన్నైలో జరిగి 2006లో ప్రకటితమైన ఒక అధ్యయనములో, ఇలాంటివారికి ఆహారము దిద్ది, దినమునకు అరగంట నడక నేర్పితే, జబ్బులోనికి జారిపోయేవారి సంఖ్య నాలుగవ వంతుకు పైగా తగ్గింది. అరగంట నడకకు ఖర్చు ఏమున్నది?

ఇక మందులు, విశ్వాసము అనే సంగతి. ఇక్కడ కొంచెము నిలుస్తాను, ఎందుకంటే ఇది డాక్టరుగారు చెప్పలేరు.

మందులు మానమని బోధించేవారు తరచుగా చూపే భాగము రెండవ దినవృత్తాంతముల గ్రంథము 16వ అధ్యాయము. ఆసా రాజుకు ఏలుబడి 39వ ఏట పాదములలో జబ్బు పుట్టింది; అతడు ప్రభువును ఆశ్రయింపక వైద్యులను ఆశ్రయించాడు; రెండేండ్లకు చనిపోయాడు. పాదముల జబ్బు అనగానే మన షుగరు రోగులు భయపడిపోతారు. ఆ అధ్యాయమును మొదటి నుండి చదవమని మనవి. ఆ రాజు అంతకుముందే దేవాలయపు వెండి బంగారములు సిరియా రాజుకు పంపి సహాయము కొనుక్కొన్నాడు. తప్పని గద్దించిన దీర్ఘదర్శిని బందీగృహములో వేశాడు. ఆ వరుసలో చివరి మాట వైద్యులది. అక్కడ దోషమని చెప్పబడినది వైద్యుని వద్దకు పోవుట కాదు, దేవుని విడిచిపెట్టుట. వేరొక రాజు హిజ్కియా సంగతి చూడండి. మరణకరమైన రోగములో గోడవైపు తిరిగి ప్రార్థించాడు, 15 ఏండ్ల ఆయుష్షు వాగ్దానముగా పొందాడు. పొందిన తరువాత యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుకు కట్టించాడు. వాగ్దానము వచ్చింది గదా, ఇంకా ముద్ద ఎందుకని రాజుగాని ప్రవక్తగాని అనలేదు. తిమోతి కడుపు జబ్బుకు పౌలు ప్రార్థన ఒక్కటే చెప్పి ఊరకుండలేదు. ఆయన వెంట తిరిగిన లూకా వైద్యుడు.

నేను స్వస్థత ప్రార్థనకు విరోధిని కాను. ప్రతి వారమూ రోగుల తలమీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తాను. అయితే నా ప్రశ్న ఒకటి. తక్కిన జబ్బులలో నొప్పి పోయింది, జ్వరము దిగింది అని చెప్పవచ్చు. నొప్పే లేని జబ్బులో తగ్గినదని దేనిని బట్టి చెప్తారు? ప్రభువు కుష్ఠరోగులను బాగుచేసి, వెళ్లి యాజకులకు కనపరచుకొమ్మని పంపించాడు. చక్కెర తగ్గినదని నమ్మేవారు కూడా మాత్ర మానకముందు రక్తము పరీక్ష చేయించి డాక్టరుకు కనపరచుకోవాలి. ఆయన తగ్గించమంటే తగ్గించండి, ఆపమంటే ఆపండి. నేను పూర్వము పనిచేసిన పాస్టరేటులో స్త్రీల సమాజము ఉపాధ్యక్షురాలు ఒకామె, పదేండ్ల షుగరు ఉన్నామె, ఒక కూటము నుండి వచ్చి మాత్రలు పెట్టెలో వేసేసింది. రెండేండ్లు ఏ బాధా లేదు. ఏ బాధా లేదన్నదే ఆమె సాక్ష్యము. ముఖము వాచి, పాదములు వాచి ఆస్పత్రికి వెళ్లేసరికి మూత్రపిండములు చాలావరకు చెడిపోయాయి. ఇప్పుడు వారమునకు మూడు దినములు డయాలిసిస్ బల్లమీద పడుకొంటున్నది. పరామర్శకు వెళ్లిన నాతో ఆమె అన్న మాట, "అయ్యగారూ, నా విశ్వాసము చాలలేదంటున్నారు" అని. జబ్బుకంటె ఆ మాట ఆమెను ఎక్కువగా కుంగదీసింది. దయచేసి ఏ రోగితోనూ ఆ మాట అనకండి.

పాదముల సంగతికి వస్తాను. కుష్ఠరోగులకు సేవ చేసిన ఆస్పత్రులు మన తెలుగు నేలమీద క్రైస్తవ సేవకులు నడిపినవి. డిచ్‌పల్లి, సాలూరు పేర్లు పెద్దలకు తెలుసు. ఆ సేవలో నుండే షుగరు పాదములకు ఒక గొప్ప మేలు వచ్చింది. డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళదేశపు కొల్లి కొండలలో మిషనెరీ తల్లిదండ్రులకు జన్మించి, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు. కుష్ఠరోగము మాంసమును తినివేస్తుంది, అందుకే వ్రేళ్లు రాలిపోతున్నాయి అని అంతవరకు అందరూ అనుకొన్నారు. ఆయన ఓపికగా పరిశీలించి, రోగము తినివేయడము కాదు, స్పర్శ పోయినందున కాలినా తెగినా తెలియక, పుండు మీదనే నడచి నడచి పోగొట్టుకొంటున్నారని చూపించారు. నొప్పి దేవుడిచ్చిన కావలివాడని ఆయన అభిప్రాయము. 1966లో అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్లిన తరువాత ఇదే సూత్రము షుగరు రోగుల పాదములకు ఉపయోగించారు. ఎందుకంటే అక్కడ కూడా కావలివాడు నిద్రపోయాడు.

మా సంఘపెద్ద ఒకరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. చెప్పులో నుండి పొడుచుకొని వచ్చిన మేకు రెండు దినములు అరికాలిలో దిగుతూనే ఉన్నా ఎరుగడు. ఇంట్లో గచ్చుమీద రక్తపు మరకలు చూసి మనుమరాలు అడిగితే అప్పుడు కాలు ఎత్తి చూసుకొన్నాడు. మూడు వారములలో మోకాలి క్రింది వరకు తీసివేయవలసి వచ్చింది. కనుక షుగరు ఉన్నవారు రాత్రి పడుకొనే ముందు రెండు అరికాళ్లూ చూసుకోవాలి. వంగలేనివారు నేలమీద అద్దము పెట్టుకొని గాని, ఇంట్లో వారిచేత గాని చూపించుకోవాలి. చెప్పులు తొడిగే ముందు లోపల చెయ్యి పెట్టి తడిమి చూడాలి. నీళ్ల వేడిని కాలితో కాదు, మోచేతితో చూడాలి. తిమ్మిరికి వేడి ఇటుకతో కాపడము పెట్టుకోవద్దు. ఆనెకాయలను బ్లేడుతో కోసుకోవద్దు. ఇంట్లో కూడా చెప్పులతోనే తిరగాలి.

ఇంట్లో సరే, గుడిలో? మనము చెప్పులు బయట విడిచి లోనికి వస్తాము. మే నెల మధ్యాహ్నము ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికి ఆవరణలోని బండలు పెనములా ఉంటాయి. స్పర్శ ఉన్నవారు గంతులు వేస్తూ నీడకు పోతారు. స్పర్శ లేని పెద్దవారు అక్కడే నిలబడి తీరికగా కుశలము అడుగుతారు. సాయంత్రానికి అరికాళ్లు బొబ్బలు. మా సంఘములో షుగరు ఉన్నవారు గుడిలో వాడుకొనుటకే వేరుగా ఒక జత మెత్తని చెప్పులు ఉంచుకోవచ్చునని పోయిన వేసవిలో ప్రకటించాము. మొదట కొందరు గొణిగారు. మోషేను చెప్పులు విడువమన్న సంగతి నాకు గుర్తుచేశారు కూడా. నాకు ఆ వాక్యమూ తెలుసు, ఆ ఉపాధ్యాయుని కాలూ తెలుసు అన్నాను. అధ్యక్ష మండలములోని తక్కిన సంఘములు కూడా దీనిని ఆలోచించాలని ఈ వేదికమీద నుండి కోరుతున్నాను.

ఉపవాసము గురించి కూడా చెప్పాలి. చక్కెర పెరగడము నెమ్మదిగా చంపితే, పడిపోవడము నిమిషములలో పడవేస్తుంది. గ్లిమిపిరైడ్ వంటి మాత్ర గాని, ఇన్సులిన్ గాని తీసుకొని ఆహారము తినకపోతే చక్కెర 70 లోపునకు పోతుంది. ఒళ్లంతా చెమట, వణుకు, గుండెదడ, పొంతనలేని మాటలు, కారణములేని కోపము. ఆల్‌నైట్ ప్రార్థనలో ఎవరైనా ఇలా వణుకుతుంటే మనవారు ఏమేమో అనుకొంటారు. త్రాగి వచ్చాడనేవారూ ఉన్నారు. తెలివిలో ఉన్నవారికి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే త్రాగించండి. పావుగంటలో తేరుకోకపోతే మరల ఇవ్వండి, తేరుకొన్న తరువాత అన్నమో ఇడ్లీయో పెట్టండి. తెలివి తప్పినవారి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తులలోనికి పోతుంది. ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

మన పెద్దలలో చాలామంది ప్రభువు బల్లకు పరగడుపున రావాలని నియమము పెట్టుకొన్నారు. మాత్ర మాత్రము ఇంట్లో ఆరు గంటలకే వేసుకొంటారు. ఆరాధన పదికి మొదలై పన్నెండున్నరకు ముగుస్తుంది, నా ప్రసంగము పెరిగితే ఒంటిగంట. షుగరు ఉన్నవారు తిని రావడములో ఏ తప్పూ లేదని గురువుగా చెప్తున్నాను. ప్రభువు ఆ సంస్కారమును నెలకొల్పినదే భోజన వేళలో. శ్రమల కాలపు 40 దినములలో ఉపవాసముండ కోరేవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. ఇన్సులిన్ మీద ఉన్నవారు, గర్భిణులు, మూత్రపిండములు చెడినవారు ఉండనే వద్దు. ఆ భోజనపు ఖర్చు తీసి బీదవారికి ఇవ్వండి.

ఆహారము గురించి అపోహలు ఇంటికొకటి. అన్నము మాని ఐదు చపాతీలు తింటే ఏమీ తగ్గదు. రాగి మంచిదే గాని, పిండి పలుచగా కాచిన జావ గ్లాసులకొద్దీ త్రాగితే చక్కెర త్వరగా ఎక్కుతుంది. బెల్లము, తేనె కూడా చక్కెరే. కాకరకాయ కూర తినండి, కాకర రసము చూసుకొని మాత్ర మానకండి. కంచములో సగము కూరగాయలు, ఆకుకూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు వంతే అన్నము అనే లెక్క మన ఇండ్లలో తేలికగా సాగుతుంది. కష్టము మనసులో ఉన్నది, అన్నము తగ్గిస్తే అవమానమన్నట్టు. క్రిస్మసు దినములలో ఇంటింటా అరిసెలు, కేకు. అయ్యగారు వచ్చారంటే టీలో రెండు చెంచాలు ఎక్కువే వేస్తారు. సాయంత్రము ఆరు ఇండ్లు తిరిగితే నా లెక్క మీరే వేయండి. ప్రేమవిందులో చక్కెర వేయని టీ ఒక పాత్రలో వేరుగా ఉంచితే ఎవరూ అడిగి సిగ్గుపడవలసిన పని ఉండదు.

తల్లులకు ఒక మాట. గర్భిణికి మొదటి పరీక్షలోనే చక్కెర చూడాలి, లేదంటే 24 నుండి 28 వారముల మధ్య మరల చూడాలి. కాన్పు తరువాత తగ్గినా, ఆమెకు ముందుముందు ఈ జబ్బు వచ్చే అవకాశము ఎక్కువ గనుక పరీక్షలు మానరాదు. చిన్నపిల్లలకు కూడా వస్తుంది. పక్క తడపడము మానిన పిల్లవాడు మరల తడుపుతూ, నీళ్లు నీళ్లంటూ చిక్కిపోతుంటే ఆలస్యము చేయవద్దు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస వస్తే ఆ గంటలోనే ఆస్పత్రికి చేరాలి. ఆ పిల్లలకు ఇన్సులిన్ ఒక్క దినమైనా ఆపకూడదు. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో 14 ఏండ్ల లెనర్డ్ థాంప్సన్ అనే బాలునికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకుముందు అలాంటి పిల్లలకు డాక్టర్లు చేయగలిగినదల్లా ఆహారము తగ్గించి కొన్ని నెలలు నిలబెట్టడమే. ఆ బాలుడు మరి పదమూడేండ్లు బ్రతికాడు. ఇన్సులిన్ అంటే ఇక చివరి దశ అని మనవారు భయపడతారు. అది బ్రతికించుటకు వచ్చిన మందు. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుకలో పెట్టిన మట్టి కుండలో, సీసాలోనికి నీరు పోకుండా కట్టి, ఉంచుకోవచ్చు. ఫ్రిజ్ ఉన్నవారు మంచు గడ్డకట్టే అరలో మాత్రము పెట్టవద్దు.

నా సమయము అయిపోయినదని కార్యదర్శిగారు గడియారము చూపిస్తున్నారు. పాఠశాల వరండాలో నర్సులు బల్లలు వేసుకొని కూర్చున్నారు. వ్రేలి చివర ఒక్క చుక్క రక్తము తీస్తారు, అంతే. భోజనముల పిలుపుకు ముందే అక్కడికి వెళ్లండి. సంఘపెద్దలు, గాయక బృందమువారు ముందు నిలబడితే మిగిలినవారు వస్తారు. 140 దాటినవారి పేర్లు వ్రాసుకొని, రేపు ఉదయము ఏడు గంటలకు పరగడుపున రమ్మంటారు. రేపు వచ్చేవారు రాత్రి తొమ్మిది తరువాత మంచినీళ్లు తప్ప మరేమీ తీసుకోకండి. ఇప్పటికే మందు వాడుతున్నవారు రక్తము ఇచ్చేవరకు ఉదయపు మాత్ర వేసుకోక, మాత్ర, ఇడ్లీ డబ్బా రెండూ వెంట తెచ్చుకోండి. పాత చీటీలు ఉంటే అవి కూడా తీసుకొని రండి.